కాలదోషం అంచున ఒక బాకీ దావా: విశాఖ కమర్షియల్ కోర్టు నుంచి ఒక కేస్ స్టడీ

పేర్లు, సరుకు, మొత్తాలు మార్చాను. తేదీలు కొంచెం అటూ ఇటూ జరిపాను గానీ లెక్క చెడకుండా చూశాను. ఈ ఫైలులో జూనియర్లు చూడాల్సింది ముఖ్యంగా ఆ లెక్కే.

నేపథ్యం

వాది ఆటోనగర్‌లో ఓడల మరమ్మతు కాంట్రాక్టర్లకు పెయింటు, థిన్నరు లాంటివి అమ్మే వ్యాపారి. ప్రతివాది పోర్టులోనూ చుట్టుపక్కల యార్డుల్లోనూ సబ్‌కాంట్రాక్టు పనులు చేసే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. 2022 ఏప్రిల్ 4 నుంచి జూలై 25 వరకు తొమ్మిది బిల్లుల మీద సరుకు వెళ్ళింది. జీఎస్టీతో కలిపి 38,64,000 రూపాయలు. గడువు 45 రోజులని బిల్లు కింద అచ్చయి ఉంది. దాని మీద కొన్నవాళ్ళ సంతకం మాత్రం లేదు.

2023 మార్చి ఆఖరు లోపు విడతలుగా 9,00,000 వచ్చాయి. 2022 నవంబరు 10 తేదీతో ఇచ్చిన 5,00,000 చెక్కు బౌన్సయింది. బతిమాలారని వాది నోటీసు ఇవ్వలేదు. 2023 జూన్ 5న ఆర్‌టీజీఎస్‌లో 1,50,000 జమయ్యాయి. ఆ తర్వాత వచ్చినవి వాట్సాప్ మెసేజీలే.

ఫైలు చేతికి వచ్చేసరికి

2024 చివర్లో వేరే న్యాయవాది ద్వారా విశాఖ కమర్షియల్ కోర్టులో దావా పడింది. కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ ప్రకారం దావాకు ముందు చేయాల్సిన మీడియేషన్ జరగలేదు. దాన్ని దాటడానికి దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (కింద వచ్చే ఆర్డర్లు, రూల్సన్నీ దానివే) ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే జప్తు కోరుతూ ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేశారు. అత్యవసర మధ్యంతర ఉపశమనం కోరే దావాకు 12ఏ అడ్డు రాదు కాబట్టి ఆ దారి పట్టారు.

అఫిడవిట్‌లో ఉన్నది ఒక్క వాక్యం: ప్రతివాది ఆస్తులు అమ్ముకుని వెళ్ళిపోతాడని భయంగా ఉంది. ఏ ఆస్తి, ఎక్కడుంది, ఎవరికి అమ్ముతున్నారు, ఆ సంగతి ఎలా తెలిసింది అన్నవేవీ లేవు. 12ఏ తప్పనిసరి అని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ తీర్పు తేల్చింది. అత్యవసరమన్నది నిజమా, ముసుగా అన్నది కోర్టు చూడాలని 2023 అక్టోబరులో యామినీ మనోహర్ తీర్పు చెప్పింది. ప్రతివాది ఆర్డర్ 7 రూల్ 11 పిటిషన్ వేశాడు, 2025 మార్చి 17న ప్లెయింట్ (దావా పత్రం) తిరస్కరణకు గురైంది. మొదటి న్యాయవాదిని ఇందుకు తప్పుపట్టలేం. యార్డు నుంచి కంప్రెసర్లు తరలిపోతున్నాయని క్లయింటు రోజూ ఫోన్ చేస్తుంటే ఆ ఒత్తిడిలో చాలామంది అదే పిటిషన్ వేస్తారు.

ఆ వారంలోనే వాది వచ్చాడు. పాత న్యాయవాదికి కొంత ఫీజు బాకీ ఉందని, కాగితాలు ఇస్తారో లేదోనని అతని బెంగ. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టి ఉంచుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. అయినా తీర్పు చూపించి అడిగే పని కాదిది. ముందు ఫోన్, తర్వాత ఒక మర్యాదైన ఉత్తరం. బాకీ ఫీజు సంగతి వేరుగా తేల్చుకోమని క్లయింటుకు చెప్పాం, కట్ట వచ్చింది. కోర్టులో దాఖలైన అసలు బిల్లుల కోసం ఆర్డర్ 13 రూల్ 9 కింద వాపసు పిటిషన్, ప్లెయింటుకూ తిరస్కరణ ఆర్డరుకూ సర్టిఫైడ్ కాపీల కోసం కాపీ అప్లికేషన్ అదే రోజు పెట్టాం. వసూలైనదాంట్లో పది శాతం ఇస్తానన్నాడు క్లయింటు. ఫలితం మీద ఆధారపడే ఫీజును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఒప్పవు. దశలవారీ ఫీజు రాసిన ఒక పేజీ ఉత్తరం మీద సంతకం తీసుకున్నాకే ఫైలు తెరిచాం.

అసలు చిక్కు: గడువు ఎప్పుడు

ప్లెయింట్ తిరస్కరించినా అదే బాకీ మీద కొత్త దావా వేయొచ్చని ఆర్డర్ 7 రూల్ 13 చెబుతుంది. అయితే పాత దావా వేసినందువల్ల లిమిటేషన్ (దావా వేయడానికి చట్టం ఇచ్చే కాలం) ఆగినట్టు కాదు. మొదట వేయాల్సింది ప్లెయింట్ డ్రాఫ్టు కాదు, తేదీల పట్టిక. ఒక్కో బిల్లుకు ఒక్కో వరుస.

లిమిటేషన్ చట్టంలో ఏ ఆర్టికల్ అన్నది తొలి ప్రశ్న. అమ్మిన సరుకు ధరకు గడువు ముందే ఒప్పుకుని ఉంటే ఆర్టికల్ 15: గడువు తీరిన నాటి నుంచి మూడేళ్ళు. గడువు ఒప్పందం లేకపోతే ఆర్టికల్ 14: సరుకు అందిన నాటి నుంచి మూడేళ్ళు. మొదటి బిల్లుకు 45 రోజులు కలిపితే 2022 మే 19, దాని మీద మూడేళ్ళకు 2025 మే 19. ఆ 45 రోజుల షరతు మీద ప్రతివాది సంతకం లేదు, కొనుగోలు ఆర్డర్లలో గడువు ప్రస్తావనే లేదు. రేపు ‘గడువేమీ అనుకోలేదు’ అన్నాడంటే మొదటి బిల్లు చివరి రోజు 2025 ఏప్రిల్ 4. మార్చి నాలుగో వారంలో ఫైలు పట్టుకున్నవాళ్ళకు ఈ రెండు తేదీల మధ్య తేడా నెలన్నర కాదు, ప్రాణం పోవడం, నిలవడం.

ఇది రన్నింగ్ అకౌంటే కదా, పరస్పర (మ్యూచువల్) ఖాతాలకున్న ఆర్టికల్ 1 వర్తించదా అని ఆఫీసులో చర్చ వచ్చింది. ఒకరు అమ్మడం, ఒకరు డబ్బు కట్టడం మాత్రమే ఉన్న ఖాతా ‘మ్యూచువల్’ కాదు. రెండు వైపులా విడివిడి బాధ్యతలు ఉండాలని 1959 నాటి హిందుస్థాన్ ఫారెస్ట్ కంపెనీ తీర్పు. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం.

తర్వాతిది, వచ్చిన 9,00,000 ఏ బిల్లుకు చేరింది? ఎవరూ చెప్పకపోతే పాత బాకీ ముందు తీరుతుందని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 61. అదే జరిగి ఉంటే మొదటి రెండు బిల్లులు తీరిపోయి చివరి రోజు ఇంకాస్త ఆలస్యంగా వచ్చేది. కానీ ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఆ రసీదులు ఏ బిల్లుకూ ముడిపడని ‘ఆన్ అకౌంట్’గా కాకుండా ‘ఎగైనెస్ట్ రెఫ్’గా ఆరు, ఏడు నంబర్ల బిల్లులకు ఎక్కి ఉన్నాయి. గుమాస్తా పొరపాటేమో అనుకున్నాం గానీ, బ్యాంకు స్టేట్‌మెంటులో రిమార్కుల గడిలో ఆ బిల్లు నంబర్లే కనిపించాయి. అప్పు తీర్చేవాడే ఫలానా బాకీకి అని చెబితే అది దానికే పోతుంది, సెక్షన్ 59. అంటే మొదటి బిల్లు ఇంకా బాకీగానే ఉంది. ఏప్రిల్ 4 తప్పదు.

పాత దావాలో గడిచిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద తీసేయమని అడగొచ్చు. ఆ సెక్షన్ చెప్పేది అధికార పరిధి లేకపోవడం, అలాంటి మరో కారణం. 12ఏ పాటించకపోవడం ‘అలాంటి’ కారణమా అన్నది వాదించాల్సిన సంగతి. పట్టికలో దానికి చివరి గడి ఇచ్చాం, లెక్కలో మాత్రం కలపలేదు.

మూసుకుపోయిన దారులు

వాది ఉద్యమ్ (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ తీసి చూపించాడు: “ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కి వెళ్తే చక్రవడ్డీ వస్తుందట కదా సార్?” మూడు రెట్ల బ్యాంకు రేటుతో నెలవారీ చక్రవడ్డీ నిజమే. అది తయారీ, సేవల సంస్థలకు. టోకు, చిల్లర వ్యాపారులను 2021 జూలై 2 మెమోరాండంతో ఉద్యమ్‌లో చేర్చుకున్నది ప్రాధాన్య రంగ రుణాల కోసం మాత్రమే. సర్టిఫికెట్‌లో ‘ట్రేడింగ్’ అని ఉందో లేదో మొదటి రోజే చూస్తే చాలా తిరుగుడు తప్పుతుంది.

దివాలా చట్టం సెక్షన్ 9 కింద కంపెనీ మీద పిటిషన్ వేయడానికి 2020 మార్చి నుంచి కనీస బాకీ కోటి రూపాయలు. చెక్కు సంగతి: నోటీసు ఇవ్వకుండా వదిలేసినా చెల్లుబాటు గడువులో మళ్ళీ బ్యాంకులో వేసి కొత్తగా సెక్షన్ 138 (చెక్కు బౌన్సు) కేసు మొదలుపెట్టొచ్చని 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ తీర్పు చెప్పింది. చెక్కు చెల్లే ఆ మూడు నెలలు ఎప్పుడో దాటాయి. ఇక అప్పీలు. ప్లెయింట్ తిరస్కరణ డిక్రీయే కనుక 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్ళొచ్చు. వెళ్ళి పాటిల్ ఆటోమేషన్‌కు ఎదురు వాదించాలి, ఈలోగా ఒక్కో బిల్లూ కాలదోషం పట్టిపోతుంది. వద్దనుకున్నాం.

ఏప్రిల్ 2

దారి ఒక్కటే మిగిలింది, 12ఏ. “మీడియేషన్ అంటే మళ్ళీ తిరగడమే కదండీ, వాళ్ళు వస్తారా?” అన్నాడు వాది. వాళ్ళు రావడం రాకపోవడం తర్వాతి సంగతి. మీడియేషన్‌లో గడిచిన కాలాన్ని లిమిటేషన్ లెక్కలోంచి తీసేయాలని 12ఏలోనే ఉంది. ఏప్రిల్ 4 లోపు వేసి తీరాల్సిన కాగితం అదే.

2018 నిబంధనల ఫారం 1లో దరఖాస్తు, 1,000 రూపాయల రుసుముతో విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఏప్రిల్ 2న దాఖలైంది. తేదీ వేసిన రసీదు లేకుండా కౌంటరు వదలొద్దని మా గుమాస్తాకు గట్టిగా చెప్పాం. రేపు కోర్టులో లిమిటేషన్‌కు రుజువు ఆ ముద్రే.

సంస్థ పంపిన మొదటి నోటీసు ‘డోర్ లాక్’ అని తిరిగొచ్చింది. దరఖాస్తులో ఇచ్చిన చిరునామా బిల్లు మీద ఉన్న యార్డు చిరునామా. కంపెనీల శాఖ పోర్టల్‌లో మాస్టర్ డేటా తెరిస్తే రిజిస్టర్డ్ ఆఫీసు అంతకు ఏడాది ముందే మారింది, ఈమెయిల్ కూడా అక్కడే ఉంది. కొత్త చిరునామాతో మెమో ఇచ్చాక తుది నోటీసు చేరింది, ప్రతివాది సమ్మతి తెలిపాడు. 10 లక్షల నుంచి 50 లక్షల మధ్య వివాదానికి మీడియేటర్ ఫీజు 30,000, చెరి సగం.

ఆ నోటీసు కూడా చేరకపోయి ఉంటే ఫారం 3లో ‘నాన్ స్టార్టర్’ రిపోర్టు వచ్చేది. అప్పుడొక మెలిక ఉంది. 12ఏ తీసేయమన్నది ‘పక్షాలు మీడియేషన్‌లో ఉన్న’ కాలాన్ని. అవతలివాడు గడప తొక్కనే లేదు, మీడియేషన్ ఎక్కడ జరిగింది అని వాదించడానికి చోటుంటుంది. చివరి రోజుకు రెండు రోజుల ముందు దరఖాస్తు వేసి నిశ్చింతగా కూర్చోగల కేసు కాదది. ప్లెయింట్, స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్, డాక్యుమెంట్ల జాబితా ఏప్రిల్ మూడో వారానికే సిద్ధం చేసి పెట్టింది ఇందుకే.

పనికిరానివి

వాది నమ్మకమంతా వాట్సాప్ మీద. 2024లో పాత ఫోను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి, చాట్లు కొత్త ఫోనులోకి బ్యాకప్ నుంచి దించుకున్నాడు. మెసేజీలు ఇలా ఉన్నాయి: “అన్నా, నీ సంగతి మర్చిపోలేదు, సైట్ పేమెంట్ రాగానే సర్దుతా.” “వచ్చే నెల చూద్దాం.” లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 బాకీ మొత్తం రాయాలనదు. ఈ బాకీ ఇప్పటికీ నా మీద ఉంది అన్న ఒప్పుకోలు, గడువు తీరక ముందు, రాతలో, సంతకంతో కావాలంటుంది. ‘సర్దుతా’ అన్నది ఏ బాకీ? రాసింది డైరెక్టరా, సైట్ ఇన్‌ఛార్జా? ఎలక్ట్రానిక్ రాత కూడా రాతేనని ఐటీ చట్టం సెక్షన్ 4 చెబుతుంది, ఈమెయిల్‌లో ఒప్పుకోలును కర్ణాటక హైకోర్టు 2013లో అంగీకరించింది. ‘చూద్దాం’ అన్న మాటకు మాత్రం అవేవీ ప్రాణం పోయలేవు. చాట్లను నేపథ్యంగా పెట్టి, లిమిటేషన్ పేరాలోంచి తీసేశాం.

1,50,000 ఆర్‌టీజీఎస్ మీద సెక్షన్ 19 వాదన ఇంకాస్త బలమైనది. కానీ చెల్లించినట్టు చెల్లించినవాడి చేతిరాతగానీ, సంతకమున్న రాతగానీ ఉండాలని ఆ సెక్షన్. నెట్ బ్యాంకింగ్‌లో వెళ్ళిన డబ్బుకు మా చేతిలో ఉన్నది మా బ్యాంకు స్టేట్‌మెంటే. పైగా రిమార్కుల గడి ఖాళీ. అదనపు ఆధారంగా ఉంచాం. బౌన్సయిన చెక్కు చెల్లింపు కాదు, సంతకమున్న రాతగా సెక్షన్ 18 కింద ప్రత్యామ్నాయంగా పనికొస్తుంది.

కంపెనీ బ్యాలెన్స్ షీట్లు కూడా పోర్టల్‌లో తీసి చూశాం. బ్యాలెన్స్ షీటులోని పద్దు ఒప్పుకోలు కాగలదని 2021లో బిషల్ జైస్వాల్ తీర్పు ఉంది. ఇక్కడ ‘ట్రేడ్ పేయబుల్స్’ అని ఒకే మొత్తం. మన క్లయింటు పేరు అందులో ఎక్కడా లేదు.

పనిచేసింది: ఆడిటరు ఫైలు

మే మధ్యలో, వడ్డీ లెక్క కోసం ఖాతాలు అడిగితే వాది ఆడిటరుగారి ఆఫీసు నుంచి ఒక ఫోల్డరు వచ్చింది. అందులో 2023 మార్చి 31 నాటి నిల్వకు బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్. ప్రతి ఏటా ఆడిట్ కోసం రుణగ్రస్తులందరికీ పంపే అచ్చు ఉత్తరమే అది. కింది సగంలో ‘మా పుస్తకాల ప్రకారం చెల్లించవలసినది 28,41,500’ అని పెన్నుతో నింపి, కంపెనీ రబ్బరు ముద్ర మీదుగా అకౌంట్స్ మేనేజర్ సంతకం, 18-04-2023 తేదీ. స్కాన్ చేసి కంపెనీ డొమైన్ ఈమెయిల్ నుంచి వాది గుమాస్తాకు పంపారు, అతను ఆడిటరుకు ఫార్వర్డ్ చేశాడు. ఆ ఉత్తరానికి దావాలో విలువ ఉంటుందని ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు, తట్టాల్సిన పనీ లేదు. అడగాల్సింది న్యాయవాది.

సంతకం పడ్డ నాటికి అన్ని బిల్లులూ గడువులోనే ఉన్నాయి. కాబట్టి సెక్షన్ 18 కింద కొత్త మూడేళ్ళు: 2026 ఏప్రిల్ 18 దాకా.

అప్పుడు వచ్చిన ప్రశ్న డబ్బు గురించి. వాది లెడ్జరు ప్రకారం ఆ రోజు నిల్వ 29,64,000. తేడా 1,22,500. పాడైన డ్రమ్ములంటూ ప్రతివాది వేసిన డెబిట్ నోట్ అది, వాది ఎన్నడూ ఒప్పుకోలేదు. పోరాడితే ఆ మొత్తం రావొచ్చు. కానీ అప్పుడు దావా మొత్తం ఒకటి, ఒప్పుకోలు మొత్తం ఇంకొకటి అవుతాయి. డ్రమ్ముల నాణ్యత మీద సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, ఏళ్ళు. 1,22,500 వదిలేస్తే దావా అంకె ప్రతివాది సొంత అంకెతో పైసాతో సహా కలుస్తుంది, ఆర్డర్ 13ఏ కింద సమ్మరీ జడ్జిమెంట్ (సాక్షుల విచారణ లేకుండా తీర్పు) అడగొచ్చు. వదిలినదాని మీద జీఎస్టీ కూడా పోతుందని వాదికి ముందే చెప్పాం. 2022-23 బిల్లులకు క్రెడిట్ నోట్ గడువు 2023 నవంబరు 30తోనే ముగిసింది. ఒక రోజు ఆలోచించి ఒప్పుకున్నాడు. తర్వాత వచ్చిన 1,50,000 తీసేస్తే అసలు 26,91,500. వదిలినా డెబిట్ నోట్ ఉత్తరాన్ని డాక్యుమెంట్లలో పెట్టాం. ఆర్డర్ 11 ప్రకారం దగ్గరున్నవన్నీ, మనకు గిట్టనివి కూడా, దావాతోపాటే దాఖలు చేయాలి. తర్వాత పెడతానంటే సరైన కారణం చూపి అనుమతి తెచ్చుకోవాలి.

సర్టిఫికెట్ దగ్గర జరిగిన తంటా

అసలు కాగితం ప్రతివాది దగ్గరే ఉంది, మన దగ్గరున్నది స్కాన్. కనుక ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం అడిగే సెక్షన్ 63(4) సర్టిఫికెట్ తప్పదు. పాత సాక్ష్య చట్టం 65బీకి భిన్నంగా దీనికి పార్ట్ ఏ, పార్ట్ బీ అని రెండు భాగాలు. పార్ట్ ఏను ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు నింపాలి, పార్ట్ బీని నిపుణుడు. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు) రాయాలి, ఏ పద్ధతిలో తీశారో గుర్తు పెట్టాలి.

పార్ట్ ఏ మీద యజమానితో సంతకం పెట్టించేయడం మన దగ్గర అలవాటు. ఈ ఈమెయిల్ ఖాతా నడిపేది గుమాస్తా, కంప్యూటరు అతని బల్ల మీదిది. రేపు బోనెక్కి ‘మెయిల్ ఎలా దించారు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు అతనే. కాబట్టి అతనే సంతకం చేశాడు. కంప్యూటరు మేక్, మోడల్, సీరియల్ నంబరు వెనక స్టిక్కరు చూసి రాశాం.

మొదటి విడత సర్టిఫికెట్ పనికిరాలేదు. పీడీఎఫ్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి రాశాక, అంకె బాగా కనిపించాలని గుమాస్తా ఆ పీడీఎఫ్‌లో పసుపు రంగు హైలైట్ వేసి సేవ్ చేశాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది ఆ ఫైలు. సరిచూస్తే హ్యాష్ కలవలేదు. ఫైలు తెరిచి చూసినందుకు హ్యాష్ మారదు. ఒక్క చుక్క చేర్చి సేవ్ చేసినా మొత్తం మారిపోతుంది. ప్రతివాది న్యాయవాది పట్టుకుంటే ‘ఫైలు దిద్దారు’ అనడానికి ఇంతకంటే ఏం కావాలి? మళ్ళీ చేసింది ఇలా: మెయిల్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక, హెడర్లతో సహా ఈఎంఎల్ ఫైలుగా దించాం. అటాచ్‌మెంటును విడిగా దించాం. రెండింటికీ వెంటనే హ్యాష్ తీసి, ఫోల్డరును రీడ్ ఓన్లీ చేశాం. రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేసి, కాపీల హ్యాష్ కూడా సరిచూశాం. ప్రింటు తీసుకున్నది ఆఖర్న. దీనికి తోడు ఆర్డర్ 11 రూల్ 6 అడిగే ప్రమాణ ప్రకటన: ఎవరి మధ్య మెయిల్, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ నిల్వ ఉంది.

దావా, జవాబు, రాజీ

మీడియేషన్ రెండు సిట్టింగులు నడిచి విఫలమైంది. ఫారం 5 రిపోర్టు జూన్ 27, శుక్రవారం చేతికొచ్చింది. దరఖాస్తు వేసిన నాటి నుంచి 86 రోజులు. అన్నిటికంటే కఠినంగా లెక్కేస్తే, అంటే ఆర్టికల్ 14 ప్రకారం, మొదటి బిల్లు గడువు జూన్ 29 ఆదివారంతో సరి. సెలవు రోజైతే మర్నాడు వేయొచ్చని సెక్షన్ 4 ఉంది. దాని దాకా రానివ్వకుండా శుక్రవారం సాయంత్రమే ఈ-ఫైలింగ్‌లో దావా ఎక్కించి, కాగితాల ప్రతి సోమవారం ఇచ్చాం.

మీడియేషన్‌లో వాళ్ళు ఒక మొత్తానికి ఒప్పుకున్నారు కదా, అది ప్లెయింట్‌లో రాయండి అని వాది పట్టుబట్టాడు. అక్కడి మాటలు గోప్యం, వాటిని దావాలో వాడకూడదు. రిపోర్టు ‘విఫలమైంది’ అన్నంతవరకే జతచేశాం.

వాది పేరు రాసేటప్పుడు దుకాణం పేరుతో కాక ‘ఫలానా వ్యక్తి, ఫలానా ట్రేడర్స్ యజమాని’ అనే రాశాం. ఆర్డర్ 30 రూల్ 10 దుకాణం పేరు మీద దావా వేయించుకోవడానికే గానీ వేయడానికి కాదు. పాత ప్లెయింట్‌లో ఈ లోపం కూడా ఉంది. లిమిటేషన్ పేరాలో, ఆర్డర్ 7 రూల్ 6 కోరినట్టు, మినహాయింపు ఆధారాలన్నీ వరసగా పెట్టాం: ముందు సెక్షన్ 18 ఒప్పుకోలు, తర్వాత 12ఏ కాలం, ఆపైన చెక్కు, ఆర్‌టీజీఎస్, చివర సెక్షన్ 14. ‘దావా గడువులోనే ఉంది’ అన్న ఒక్క లైనుతో సరిపెట్టిన ప్లెయింట్లు ఇప్పటికీ కౌంటరులో చాలా కనిపిస్తాయి. ప్లెయింట్‌లో లేని మినహాయింపును తర్వాత వాదించబోతే ముందు సవరణ పిటిషన్‌తో మొదలుపెట్టాలి.

జూలై 28న సమన్లు అందాయి. కమర్షియల్ దావాలో జవాబుకు 120 రోజులు దాటితే హక్కే పోతుందని ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ తీర్పు. నవంబరు 25తో ఆ గడువు ముగుస్తుందనగా చివరి వారంలో జవాబు వచ్చింది. సారాంశం రెండు ముక్కలు: సరుకు పూర్తిగా అందలేదు, అకౌంట్స్ మేనేజర్‌కు బాకీ ఒప్పుకునే అధికారం లేదు.

అధికారం సంగతికి జవాబు కాగితాల్లోనే ఉంది. అంతకు ముందు రెండేళ్ళ కన్ఫర్మేషన్ల మీదా, సరుకు అందిన రసీదుల మీదా అదే సంతకం. ఒప్పుకోలు తర్వాత రెండు నెలల్లోపే కంపెనీ ఖాతా నుంచి 1,50,000 వచ్చింది. సరుకు అందలేదన్న మాటకు ఆర్డర్ 11 రూల్ 5 కింద డాక్యుమెంట్లు చూపమని నోటీసు ఇచ్చాం: ఆ తొమ్మిది బిల్లులకు సంబంధించిన కొనుగోలు రిజిస్టరు, జీఎస్టీ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలు మీది పన్నును తమ పన్నులోంచి తగ్గించుకోవడం) వివరాలు, యార్డు గేటు ఎంట్రీ పుస్తకం.

కేసు కదిలింది అక్కడ. సరుకు అందకుండా ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదు. తీసుకుని ఉంటే అందలేదన్న మాట నిలవదు. అంది, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 16 చెబుతుంది. కట్టారా? ఏ జవాబు చెప్పినా ప్రతివాదికి ఇబ్బందే. జీఎస్టీ శాఖకు ఫిర్యాదు చేస్తామని ఒక బెదిరింపు ఉత్తరం రాయమన్నాడు వాది. సివిల్ బాకీకి అలాంటి బెదిరింపు వాడటం న్యాయవాది వృత్తికి తగదు, అవసరమూ లేదు. కోర్టు ద్వారా అడిగిన ప్రశ్నే చాలు.

సమ్మరీ జడ్జిమెంట్ పిటిషన్ విచారణకు రాకముందే రాజీ మాట వచ్చింది. అసలు 26,91,500, వడ్డీ కింద 4,50,000, మొత్తం 31,41,500. సంతకం రోజున 6,41,500, మిగిలింది నెలకు 5,00,000 చొప్పున ఐదు వాయిదాలు. ఆర్డర్ 23 రూల్ 3 కింద రాజీ డిక్రీ. మెమోలో పట్టుబట్టి పెట్టించినవి: ఒక్క వాయిదా తప్పినా మిగిలిన మొత్తం 12 శాతం వడ్డీతో ఒకేసారి రావాలి, విడిగా దావా లేకుండా నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసుకునే హక్కు, వచ్చిన డబ్బు ముందు వడ్డీకా అసలుకా అన్న క్రమం, వడ్డీ భాగం మీద టీడీఎస్ కోస్తే సర్టిఫికెట్ ఇవ్వాల్సిన గడువు. టీడీఎస్ మాట రాయకపోతే తక్కువ పడిన వాయిదాను డీఫాల్ట్ అని ఒకరు, కాదని ఇంకొకరు మళ్ళీ కోర్టుకెక్కుతారు.

ఆఫీసులో మార్చినవి

రికవరీ క్లయింటుకు ఇచ్చే తొలి జాబితాలో ఇప్పుడు ఫోన్ చాట్ల కంటే ముందు ఆడిటరు ఫైలు ఉంది: గత నాలుగేళ్ళ బ్యాలెన్స్ కన్ఫర్మేషన్లు, అవి వచ్చిన అసలు మెయిళ్ళు, ట్యాలీలో బిల్లువారీ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు రిమార్కులతో సహా. మెయిళ్ళను ఎవరూ ఫార్వర్డ్ చేయొద్దు, ప్రింటు తీయొద్దు, ఉన్నచోటే ఉంచమని పక్కనే రాసి ఇస్తున్నాం.

తేదీల పట్టికలో రెండు నిలువు గళ్ళు. ఒకటి, ఏ మినహాయింపూ లేకుండా, అన్ని వాదనలూ ఓడిపోయినా మిగిలే చివరి రోజు. రెండోది, మినహాయింపులన్నీ కలిపిన రోజు. డైరీలో ఎక్కేది మొదటిదే. రెండోది ప్లెయింట్‌లో ఎక్కుతుంది.

వ్యాపార క్లయింట్లకు ఏటా ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉత్తరం వెళ్తోంది. కన్ఫర్మేషన్ పంపేటప్పుడు కింద సంతకం చేసేవాళ్ళ పేరు, హోదా, ‘కంపెనీ తరఫున అధికారంతో’ అన్న మాట ఉండేలా అచ్చు మార్చుకోమని, అసలు కాగితం కొరియర్‌లో తెప్పించుకోమని, కొనుగోలు ఆర్డర్‌లోనే గడువు రోజులు రాయించుకోమని. మూడోది అడగడానికే క్లయింట్లు ఎక్కువ మొహమాటపడతారు, ఆర్డరు పోతుందేమోనని. ఈ వాది మాత్రం ఇప్పుడు గడువు రాయని ఆర్డరుకు సరుకు ఎక్కించడం లేదట.